జాగ్వార్ ఎక్స్‌జే: సిరీస్ 3 కొనాలా, ఎక్స్‌జే40 కొనాలా?

బ్రిటన్‌లో కారుకు నలభై ఏళ్లు నిండితే ప్రభుత్వం దాన్ని చారిత్రక వాహనంగా గుర్తిస్తుంది. ఆ వర్గంలో నమోదైన కారుకు ఏటా కట్టే రోడ్డు పన్ను ఉండదు, లండన్‌లో రోజువారీ కాలుష్య రుసుమూ ఉండదు. ఈ నలభై ఏళ్ల గీత ప్రతి ఏప్రిల్ 1న ఒక ఏడాది ముందుకు జరుగుతుంది. 1985 డిసెంబరు ఆఖరు లోపు తయారైన కార్లను అది 2026 ఏప్రిల్‌లో దాటింది, 1986లో తయారైనవాటిని 2027 ఏప్రిల్‌లో దాటుతుంది. జాగ్వార్ చరిత్రలో 1986 మామూలు ఏడాది కాదు. పద్దెనిమిదేళ్లు నడిచిన పాత ఎక్స్‌జే (దాని చివరి రూపమే సిరీస్ 3) స్థానంలోకి ఎక్స్‌జే40 అనే కొత్త తరం వచ్చింది అప్పుడే. అందువల్ల ఇంతకాలం కేవలం అభిరుచికి సంబంధించినదిగా ఉన్న ప్రశ్న ఇప్పుడు లెక్కల ప్రశ్న కూడా అయింది. బ్రిటన్‌లో స్థిరపడి, పిల్లల చదువులు ఒక కొలిక్కి వచ్చాక పాత ఇంగ్లిష్ సెలూన్ కారు ఒకటి కొనుక్కోవాలని ముచ్చటపడుతున్న తెలుగు మిత్రులు నన్ను అడిగేదీ ఇదే: రెండింటిలో ఏది?

సమాధానం ఒక్క మాటలో తేలదు. ఈ రెండు కార్లూ పాతబడ్డాయి కానీ, ఒకే రకంగా పాతబడలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఒకే పేరు మీద రెండు వేర్వేరు కార్లు

ముందుగా పేర్ల గందరగోళం తీర్చుకోవాలి. జాగ్వార్ వ్యవస్థాపకుడు సర్ విలియం లయన్స్ తన ఆఖరి పెద్ద సెలూన్‌గా ఎక్స్‌జే6ను 1968 సెప్టెంబరులో విడుదల చేశారు. 1973లో దానికి కొన్ని మార్పులు చేసి సిరీస్ 2 అన్నారు, 1979 మార్చిలో మరికొన్ని చేసి సిరీస్ 3 అన్నారు. ఈ మూడింటికీ అడుగుభాగమూ, చక్రాల అమరికా మౌలికంగా ఒకటే. ఒకే ఇంటికి రెండుసార్లు మరమ్మతు చేయించి, రెండోసారి పైకప్పు కూడా మార్చినట్టు అనుకోవచ్చు.

ఎక్స్‌జే40 అలా కాదు. పాత కారు నుంచి దాదాపు ఏమీ తీసుకోకుండా పునాది నుంచి కట్టిన కారు అది. అయితే ఎక్స్‌జే40 అన్నది కంపెనీ లోపల ఆ ప్రాజెక్టుకు పెట్టుకున్న పేరు మాత్రమే. డిక్కీ మీద మాత్రం మళ్లీ ఎక్స్‌జే6 అనో, సావరిన్ అనో ఉంటుంది. ఆరు సిలిండర్ల సిరీస్ 3 తయారీ 1987 దాకా సాగింది కనుక, ‘1987 జాగ్వార్ ఎక్స్‌జే6 అమ్మబడును’ అనే ప్రకటన ఈ రెండింటిలో దేని గురించైనా కావచ్చు. ఫొటోలో ముందు అద్దం చూస్తే అనుమానం తీరిపోతుంది. ఒకే పెద్ద వైపర్ ఉంటే ఎక్స్‌జే40, రెండుంటే సిరీస్ 3. డెయిమ్లర్ పేరుతో కనిపించేవి కూడా ఇవే కార్లు. ముందు గ్రిల్ పైఅంచున నిలువు గాడులు, లోపల మరికాస్త అలంకారం, అంతకు మించి తేడా లేదు.

సిరీస్ 3: పాత ఒంటికి కొత్త కప్పు

సిరీస్ 3 పైభాగాన్ని ఇటలీకి చెందిన పినిన్‌ఫరీనా సంస్థ తీర్చిదిద్దింది. వెనుక కూర్చునేవారి తలకు చోటు దొరికేలా కప్పును వెనుకవైపు కొద్దిగా ఎత్తారు, అద్దాల విస్తీర్ణం పెంచారు, ముందు తలుపుల్లోని ముక్కోణపు చిన్న అద్దాలు తీసేశారు, తలుపు పిడులను రేకుతో సమంగా లోపలికి అమర్చారు. మార్పులు చిన్నవే. కానీ పాత రూపం చెడకుండా పదేళ్ల వయసు తగ్గించిన పని అది. కార్ల రూపకల్పనలో ఇంత పొదుపుగా జరిగిన పునరుద్ధరణలు అరుదు.

ఇంజన్లు మూడు: 3.4, 4.2 లీటర్ల ఆరు సిలిండర్లవి, వీ ఆకారంలో పన్నెండు సిలిండర్లున్న 5.3 లీటర్ల వీ12. ఆరు సిలిండర్ల ఇంజన్ 1948లో లండన్ ప్రదర్శనలో తొలిసారి కనిపించిన ఎక్స్‌కే కుటుంబానిది. ఇనుప బ్లాకు, అల్యూమినియం హెడ్డు, పైన వాల్వులను నడిపే రెండు క్యామ్‌షాఫ్టులు. సిరీస్ 3లో 4.2కు ఇంధన ఇంజెక్షన్ చేర్చడంతో సుమారు 205 హార్స్‌పవర్ ఇచ్చింది, 3.4 మాత్రం కార్బురేటర్లతోనే కొనసాగింది.

పుట్టిన కాలం మాత్రం ఈ కారుకు కలిసిరాలేదు. అప్పటి మాతృసంస్థ బ్రిటిష్ లేలాండ్ సమ్మెలతోనూ నష్టాలతోనూ కుంగిపోతోంది. కాజిల్ బ్రామ్‌విచ్‌లో కొత్తగా పెట్టిన రంగుల ప్లాంటు కుదురుకోక, మొదట్లో కొన్ని రంగులే సరిగా వేయగలిగారు. 1980లో జాన్ ఈగన్ జాగ్వార్ పగ్గాలు చేపట్టాకే నాణ్యత నిలదొక్కుకుంది. 1984లో జాగ్వార్ మళ్లీ స్వతంత్ర కంపెనీగా షేర్ మార్కెట్‌కు వచ్చింది. అందుకే 1980 నాటి సిరీస్ 3కూ, 1985 నాటి సిరీస్ 3కూ కాగితం మీద తేడా కొద్దిగానే ఉన్నా, రేకు మీద, రంగు మీద చాలా ఉంటుంది.

ఎక్స్‌జే40: పద్నాలుగేళ్లు పట్టిన వారసుడు

ఎక్స్‌జే40 ఆలోచన 1972లోనే మొదలైంది. డబ్బు లేక, యజమానుల నిర్ణయాలు మారుతూ ఉండటం వల్ల 1986 అక్టోబరు దాకా కారు బయటికి రాలేదు. జిమ్ రాండిల్ నాయకత్వంలోని ఇంజనీర్లు ఈ ఆలస్యాన్ని పరీక్షలకు వాడుకుని, కెనడా చలిలోనూ ఎడారి ఎండలోనూ నమూనాలను నడిపి చూశారు. బాడీలో వాడే రేకు ముక్కల సంఖ్యను దాదాపు నాలుగో వంతు తగ్గించారు. ముక్కలు తగ్గితే అతుకులు తగ్గుతాయి, అతుకులు తగ్గితే నీరు నిలిచే చోట్లు తగ్గుతాయి.

ఇంజను కూడా కొత్తదే. ఏజే6 అనే అల్యూమినియం బ్లాకు ఇంజన్ ఇది. 3.6 లీటర్ల రకంలో సిలిండరుకు నాలుగు వాల్వులు, సుమారు 221 హార్స్‌పవర్. మొదట దానితోపాటు ఇచ్చిన 2.9 అంత బరువైన కారుకు చాలలేదని అప్పుడే పేరుపడింది. 1989లో 3.6 స్థానంలో 4.0, 1990లో 2.9 స్థానంలో 3.2 వచ్చాయి. గేర్‌బాక్సు సిరీస్ 3 ఆరు సిలిండర్లలో మూడు స్పీడ్ల ఆటోమేటిక్ అయితే, ఇందులో జర్మన్ కంపెనీ జెడ్‌ఎఫ్ చేసిన నాలుగు స్పీడ్లది.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. లేలాండ్ పెద్దలు ఈ కారులో తమ మరో కంపెనీ రోవర్ వీ8 ఇంజన్ పెట్టమని ఒత్తిడి తెస్తారేమోనన్న భయంతో, వీ ఆకారపు ఇంజనేదీ పట్టనంత సన్నగా ముందు భాగాన్ని కావాలనే కట్టారని జాగ్వార్ ఇంజనీర్ల నుంచే వచ్చిన కథ ఉంది. ఆ ఎత్తుగడ వల్ల సొంత వీ12 కూడా పట్టలేదు. ముందు భాగాన్ని మళ్లీ రూపొందించి 1993లో గానీ ఎక్స్‌జే40లో వీ12 పెట్టలేకపోయారు. అప్పటిదాకా వీ12 కావాలన్నవారి కోసం పాత సిరీస్ 3నే 1992 వరకు తయారు చేస్తూ వచ్చారు. పాత తరం, కొత్త తరం ఆరేళ్లు ఒకే కంపెనీలో పక్కపక్కన పుట్టడం వెనుక కారణం ఇదే. పన్ను లెక్కలో ఇది మళ్లీ అడ్డుపడుతుంది.

తుప్పుతో పాతబడే కారు, తీగలతో పాతబడే కారు

సిరీస్ 3 శత్రువు తుప్పు. తలుపుల కింద పొడవునా గడపలా ఉండే పెట్టె భాగం, వెనుక చక్రాల పైవంపు, వెనుక సస్పెన్షన్ చేతులు నేలరేకుకు బిగిసే చోటు, ముందు అద్దం చుట్టూ ఉన్న చట్రం: ఇవి అది ముందుగా తినే చోట్లు. కోవెంట్రీ దగ్గర ఒక చిన్న షెడ్డులో లిఫ్టు మీదికెత్తిన సిరీస్ 3ని దగ్గరుండి చూశాను. బయట ముదురు నీలం రంగు అద్దంలా మెరుస్తోంది. ముందు అద్దం కింది మూలలో మాత్రం రంగు కింద శనగగింజంత ఉబ్బు. మెకానిక్ ఏమీ మాట్లాడకుండా స్క్రూడ్రైవరు పిడితో గడప పొడవునా తట్టుకుంటూ వచ్చాడు. టంగ్, టంగ్ అని మోగిన రేకు వెనుక చక్రానికి జానెడు దూరంలో ఒక్కసారిగా తడి అట్టలా థప్పుమంది. అక్కడ రేకు లేదు, పుట్టీ మీద రంగు ఉంది. ఆ కారుకు అంతకుముందే రెండు చోట్ల కొత్త రేకు అతికినా, ఈ ముక్కను ఎవరూ ముట్టుకోలేదు.

అయితే ఈ రోగం బయటపడే రోగం. వేలితో నొక్కితే తెలుస్తుంది, వెల్డింగు చేసేవాడు ఇంత పొడవు, ఇంత వెడల్పు అని కొలిచి ఖర్చు చెప్పగలడు. యాంత్రిక భాగాలూ అంతే. ఉదాహరణకు సిరీస్ 3లో వెనుక బ్రేకు డిస్కులు చక్రాల దగ్గర ఉండవు, మధ్యలో, ఇంజన్ శక్తిని వెనుక చక్రాలకు పంచే డిఫరెన్షియల్‌ను ఆనుకుని ఉంటాయి. చక్రాల మీద బరువు తగ్గి ప్రయాణం మెత్తగా ఉండటానికి చేసిన ఏర్పాటు ఇది. దాని వల్లనే డిస్కులు మార్చాలంటే సాధారణంగా వెనుక సస్పెన్షన్ మొత్తాన్ని చట్రంతో సహా కిందికి దించాల్సి వస్తుంది. ఎక్స్‌జే40లో డిస్కులు చక్రాల దగ్గరికి వచ్చేశాయి. చక్రం విప్పితే పని చేతికందుతుంది. ఒకే పనికి ఒకచోట రోజు పడితే మరోచోట పూట చాలు.

ఎక్స్‌జే40కి తుప్పు లేదని దీని అర్థం కాదు. జాకీ పెట్టే చోట్లు, చక్రాల వంపులు, వెనుక అద్దం చుట్టుపక్కల అదీ తింటుంది. కాకపోతే దాని అసలు ఇబ్బంది విద్యుత్ వ్యవస్థ. 1980ల మధ్యలో, కారులో కంప్యూటర్లు ఇంకా కొత్తగా ఉన్నప్పుడు, జాగ్వార్ ధైర్యంగా అనేక చిన్న నియంత్రణ పెట్టెలను అందులో అమర్చింది. తొలి కార్లలో వేగమూ ఇంజన్ చుట్లూ ముల్లుతోనే చూపించినా, పెట్రోలు, ఉష్ణోగ్రత వంటివి వెలిగే గీతలతో చూపించి, పక్కన హెచ్చరికలు రాసే చిన్న తెర పెట్టారు. నలభై ఏళ్ల తేమ తర్వాత ఆ కనెక్టర్లు ఎలా ప్రవర్తిస్తాయో ఊహించవచ్చు. వెనుక బల్బు పోయిందని తెర మీద హెచ్చరిక వస్తుంది, దిగి చూస్తే బల్బు నిక్షేపంగా వెలుగుతూ ఉంటుంది. తప్పు బల్బుది కాదు, బల్బును కనిపెట్టే పెట్టెది, లేదా దానికి ఎర్త్ తీగ బిగిసిన చోటిది. ఇలాంటి దోషాన్ని కొలిచి ముందే ఖర్చు చెప్పడం కష్టం, ఎందుకంటే ఖర్చంతా వెతకడంలోనే ఉంటుంది. 1990 మోడల్ నుంచి వెలిగే గీతలు తీసేసి మామూలు డయళ్లు పెట్టారు. ఆ తర్వాతి కార్లు నయమని చాలామంది అనడంలో న్యాయం ఉంది.

తొలి ఎక్స్‌జే40లలో చాలావాటికి వెనుక ఎత్తును తనంతట తానే సరిచేసుకునే హైడ్రాలిక్ సస్పెన్షన్ కూడా ఉంది. విడిభాగాల ఖర్చు చూసి యజమానులు అనేకమంది దాన్ని తీసేసి మామూలు స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు వేయించారు. దీన్ని కొందరు అసలుతనం పోగొట్టడం అంటారు, కొందరు తెలివైన పని అంటారు. రోజూ నడపాలనుకునే వ్యక్తికి రెండో మాటే సబబని నా అభిప్రాయం.

పన్ను లెక్క తరాన్ని చూడదు, తయారైన ఏడాదిని చూస్తుంది

1549 సీసీకి పైబడిన ఇంజన్‌తో 2001 మార్చికి ముందు నమోదైన కారుకు 2025–26లో ఏడాది పన్ను 360 పౌండ్లు. లండన్‌లో అత్యల్ప ఉద్గార మండలం 2023 ఆగస్టు 29 నుంచి నగరంలోని అన్ని బరోలకూ, అంటే పాలనా విభాగాలకూ, విస్తరించింది. యూరో 4 ఉద్గార ప్రమాణం అందుకోని పెట్రోలు కారు అక్కడ తిరిగిన ప్రతి రోజుకూ 12.50 పౌండ్లు కట్టాలి. లండన్ శివారు హారోలో ఉండే ఒక వ్యక్తి ఏడాదిలో 60 రోజులు కారు బయటికి తీస్తాడనుకుందాం.

అతనిది 1985లో తయారైన సిరీస్ 3 4.2 అయితే, 2026 ఏప్రిల్ నుంచి చారిత్రక వర్గంలో నమోదు చేయించుకున్నాక రెండూ సున్నా. అదే 1986 నవంబరులో తయారైన ఎక్స్‌జే40 3.6 అయితే, పై రేట్ల ప్రకారం పన్ను 360, రుసుము 750, వెరసి 1110 పౌండ్లు. కానీ ఆ భారం 2027 ఏప్రిల్ దాకానే. 1990లో తయారైన ఎక్స్‌జే40 4.0 అయితే 2031 ఏప్రిల్ వరకు ఆగాలి. ఇప్పుడు నాలుగో కారు చూద్దాం: 1991లో తయారైన సిరీస్ 3 వీ12. రూపం పాతది, తరం పాతది, అయినా మినహాయింపు వచ్చేది 2032 ఏప్రిల్‌లో, అంటే తొలి ఎక్స్‌జే40ల కంటే అయిదేళ్లు ఆలస్యంగా. ‘పాత తరం కొంటే పన్ను లేదు’ అన్న మాట ఈ కారు దగ్గర తప్పిపోతుంది. ఈ మినహాయింపు దానంతట అది రాదు, దరఖాస్తు చేసుకోవాలి.

లండన్ బయట ఉండేవారికి ఈ తేడా చాలా తగ్గిపోతుంది. వారికి పెట్రోలు ఖర్చు ఎక్కువ ముఖ్యం. గ్యాలనుకు సిరీస్ 3 4.2 17 మైళ్లు, ఎక్స్‌జే40 3.6 21 మైళ్లు ఇస్తాయని ఉదాహరణకు తీసుకుంటే, ఏడాదికి 3000 మైళ్లకు మొదటిది సుమారు 800 లీటర్లు, రెండోది 650 లీటర్లు తాగుతాయి. లీటరు 1.50 పౌండ్లు అనుకుంటే తేడా 225 పౌండ్లు. అదీగాక, 2021 సెప్టెంబరు నుంచి బ్రిటన్ బంకుల్లో మామూలు పెట్రోలులో పది శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత రబ్బరు గొట్టాలున్న కార్లకు, ముఖ్యంగా కార్బురేటర్ల 3.4కు, అయిదు శాతం లోపుండే ఖరీదైన రకం పోయించడం మేలని భావిస్తారు.

మినహాయింపు తెచ్చే ఒక నష్టం

నలభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ జరగని కారుకు, అది రోడ్డెక్కడానికి తగినదో కాదో చూస్తూ ఏటా జరిగే ఎంఓటీ తనిఖీ కూడా 2018 మే నుంచి తప్పనిసరి కాదు. ఇది సౌకర్యంగానే కనిపిస్తుంది. కానీ నంబరు కొడితే ఇంటర్నెట్‌లో ఉచితంగా కనిపించే ఎంఓటీ చరిత్రే కొనేవారికి దొరికే నిష్పక్షపాతమైన సాక్ష్యం. ఏ ఏడాది ఎక్కడ తుప్పు కనిపించిందో, ఎన్ని మైళ్లు తిరిగిందో అందులో ఉంటాయి. 1981 నాటి సిరీస్ 3 అయితే ఆ రికార్డు 2021తో ఆగిపోయి ఉండవచ్చు. తుప్పు మీదే బతుకు ఆధారపడిన కారుకు తుప్పు రికార్డే లేకుండా పోవడం చిన్న లోటు కాదు. 1990 నాటి ఎక్స్‌జే40కి రికార్డు ఏటా ఉంటుంది, కాకపోతే దాన్ని వేధించే విద్యుత్ దోషాల్లో చాలావరకు తనిఖీ జాబితాలోకి రావు. కాగితం ఉన్నచోట రోగం కనిపించదు, రోగం కనిపించేచోట కాగితం ఉండదు. అందుకే మినహాయింపు వచ్చాక కూడా స్వచ్ఛందంగా ఎంఓటీ చేయిస్తూ వచ్చిన సిరీస్ 3ను జాగ్వార్ అభిమానులు ప్రత్యేకంగా చూస్తారు.

రెండు పక్షాల వాదన

సిరీస్ 3 పక్షంవారిది కేవలం అందం వాదన అనుకోవడం పొరపాటు. ఆ కారును సాధారణ పనిముట్లతో, ఓపికతో ఇంటి దగ్గరే బాగుచేయవచ్చు. ఎక్స్‌కే ఇంజన్ విడిభాగాలకు, అనుభవానికి బ్రిటన్‌లో కొరత లేదు. లయన్స్ కంటితో రూపుదిద్దుకున్న చివరి సెలూన్ వంశం కనుక విలువా నిలబడుతుందని వారి నమ్మకం.

ఎక్స్‌జే40 పక్షంవారు అడిగేది వేరు: కారు చూడటానికా, నడపడానికా? ఆధునిక రోడ్డు మీద వేగంగా, నిబ్బరంగా, తక్కువ పెట్రోలుతో పోయేది ఎక్స్‌జే40. ఏజే6 ఇంజన్ సరిగా చూసుకుంటే చాలా దూరం నడుస్తుందన్న పేరు తెచ్చుకుంది. 1985 ఫిబ్రవరిలో కన్నుమూసే ముందు లయన్స్ ఈ కారు నమూనాలను చూసి సలహాలిచ్చారు కూడా. కాబట్టి అది వంశం తప్పిన కారు కాదంటారు. సిరీస్ 3 సుమారు 1.3 లక్షలు తయారైతే ఎక్స్‌జే40 2 లక్షలు దాటింది. అయినా చాలాకాలం చవకగా పడి ఉండటంతో పాడైనవాటిని బాగుచేయించకుండా తుక్కుకు పంపేశారు. మంచివి ఇప్పుడు వెతుక్కోవాల్సిందే.

మన దేశానికి తెచ్చుకోవడం సంగతి

జాగ్వార్ 2008 నుంచి టాటా గ్రూపు చేతిలో ఉంది కాబట్టి ఈ పాత కార్లను హైదరాబాద్‌కో, విజయవాడకో తెచ్చుకోవచ్చా అని కొందరు అడుగుతారు. కంపెనీ యజమాని ఎవరన్నదానితో దీనికి సంబంధం లేదు. బ్రిటన్ నలభై ఏళ్లకు చారిత్రకం అంటే, 2021లో మన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చిన వింటేజ్ నిర్వచనం యాభై ఏళ్లు దాటాలంటుంది. ఆ వర్గంలో నమోదైన బండికి ‘వీఏ’ అక్షరాలతో నంబరు వస్తుంది, రోజువారీ వాడకానికి అనుమతి ఉండదు. ఆ లెక్కన తొలి సిరీస్ 3కి కూడా 2029 రావాలి, ఎక్స్‌జే40 తొలి కారుకు 2036.

ఒకే ‘డి’ అక్షరమున్న రెండు కార్లు

చివరగా నిజంగా ఎదురుపడే సందర్భం ఒకటి. 1986 ఆగస్టు నుంచి 1987 జులై దాకా బ్రిటన్‌లో నమోదైన కార్ల నంబరు ‘డి’తో మొదలవుతుంది. ఆ అక్షరంతో రెండు జాగ్వార్లు ఒకే ధరకు అమ్మకానికి ఉన్నాయనుకుందాం. రెండూ 1986లోనే తయారయ్యాయి. ఒకటి చివరి దశలో తయారైన సిరీస్ 3 4.2, రెండోది తొలి నెలల ఎక్స్‌జే40 3.6. రెండింటికీ పన్ను మినహాయింపు ఒకే రోజున, 2027 ఏప్రిల్ 1న వస్తుంది. పన్ను పక్కకు పోయింది. మొదటిది పద్దెనిమిదేళ్లుగా మెరుగులు దిద్దుకుంటూ వచ్చిన అడుగుభాగం మీద, ఈగన్ కాలపు నాణ్యతతో పుట్టింది. రెండోది కొత్త డిజైనులోని లోపాలన్నీ కొనేవారి చేతిలో బయటపడిన తొలి విడతది. తరంగా చూస్తే ఎక్స్‌జే40 ముందున్నా, ఈ జతలో సిరీస్ 3కే మొగ్గు. అదే ఎక్స్‌జే40ని 1991 నాటి 4.0తో మార్చి, సిరీస్ 3ని 1980 నాటిదిగా మార్చితే మొగ్గు పూర్తిగా ఎక్స్‌జే40 వైపు తిరుగుతుంది. రెండూ దాదాపు సమానంగా తూగే జత దొరికినప్పుడు మాత్రం, కొనే వ్యక్తి ఇంటికి దగ్గర్లో మంచి వెల్డర్ ఉన్నాడా, పాత వైరింగు చదవగల ఎలక్ట్రీషియన్ ఉన్నాడా అన్నదే తేలాల్సిన సంగతి.